కుండీ మట్టిలో తెగుళ్లు: మొక్క వాలకముందే చేయాల్సిన పనులు

మధ్యాహ్నం ఎండకు టమాటా మొక్క తల వాల్చేసింది. సాయంత్రానికి మళ్లీ లేచి నిలబడింది. మర్నాడూ అంతే. మూడో రోజు లేవలేదు. ఆకులు పచ్చగానే ఉన్నాయి, ఎక్కడా ఒక్క మచ్చ లేదు, గుత్తులుగా కాయలు కూడా ఉన్నాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబు పోశాను. పది రోజులు తిరిగేసరికి ఆ వరుసలోని ఆరు కుండీలూ పోయాయి.

మేడ మీద తోట మొదలుపెట్టిన తొలి ఏడాది, వర్షాకాలంలో జరిగిందిది. అంతకుముందు పంట తీసేసిన మట్టినే ఒకచోట కుప్ప పోసి, కాస్త పేడ ఎరువు కలిపి, మళ్లీ అన్ని కుండీల్లో నింపాను. ఏదో ఒక కుండీలో ఉన్న జబ్బు ఆ కుప్పలో కలిసి అన్నిటికీ చేరింది.

మట్టి నుంచి వచ్చే తెగులు పైకి కనిపించేసరికి కింద వేరో, కాండం లోపలి నీటి గొట్టాలో సగం పాడైపోయి ఉంటాయి. అప్పుడు ఏ మందు పోసినా చాలావరకు వృథాయే. అందుకే ఇక్కడ రాసేదంతా దాదాపు ముందు చేయాల్సిన పనులే. మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. పొలంలో రైతు ఎకరం మట్టిని మార్చుకోలేడు. మనం మార్చుకోగలం. ప్రతి కుండీ ఒక చిన్న పొలం, దాని గట్టు దానిదే. ఆ గట్టు తెగకుండా చూసుకుంటే ఒక కుండీలో వచ్చిన జబ్బు అక్కడితోనే ఆగుతుంది.

ముందు ఏ జబ్బో తేల్చుకోండి

"మొక్క వాడిపోయింది" అంటే సరిపోదు. వాడిపోవడానికి కనీసం ఐదు కారణాలున్నాయి. ఏదో తెలిస్తేనే ఆ మట్టిని ఉంచాలా పారేయాలా అన్నది తేలుతుంది.

టమాటా, వంగ, మిర్చి మొక్కలు పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వాలిపోతే మొదట అనుమానించాల్సింది బాక్టీరియా ఎండు తెగులు. దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. వాలిన మొక్క కాండాన్ని మట్టికి కాస్త పైన కోసి, రెండు మూడు అంగుళాల ముక్క తీసుకోండి. గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, కోసిన చివర నీళ్లలో మునిగేలా ఆ ముక్కను కదలకుండా పట్టుకోండి లేదా దారంతో వేలాడదీయండి. గ్లాసు వెనక నల్లటి గుడ్డ పెడితే బాగా కనిపిస్తుంది. ఐదు నిమిషాల్లోపు కోసిన చోటు నుంచి పాల చారలాంటి తెల్లటి దారం కిందికి జారుతుంటే అది బాక్టీరియానే. మొదటిసారి ఆ దారాన్ని చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. కంటికి కనిపించనిదనుకున్న జబ్బు గ్లాసులో కళ్లెదుటే దిగుతోంది.

దారం రాలేదు, కానీ కాండాన్ని నిలువునా చీలిస్తే లోపల గోధుమ రంగు గీతలున్నాయంటే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులై ఉండవచ్చు. ఇందులో కింది ఆకులు ముందు పసుపుబారతాయి, చాలాసార్లు ఒక పక్కే. వారాల తరబడి నెమ్మదిగా సాగుతుంది.

మొక్క మొదట్లో, మట్టిని ఆనుకున్న చోట దూదిలాంటి తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్రటి గోధుమ రంగు గింజలు కనిపిస్తే అది స్క్లెరోషియం, అంటే మొదలు కుళ్లు. వేరుశనగ రైతులకు బాగా తెలిసిన తెగులే ఇది. మల్లె నుంచి మిర్చి దాకా వందల రకాల మొక్కలకు వస్తుంది. ఆ గింజలు మట్టిలో ఏళ్ల తరబడి బతికుంటాయి, కాబట్టి మొక్కను పీకేటప్పుడు ఒక్కటి కూడా పక్క కుండీలో రాలనివ్వకండి.

వేరు గోధుమ రంగులోకి మారి, వేళ్లతో పట్టుకుని లాగితే పైతోలు ఊడొచ్చి లోపల సన్నటి దారం మాత్రమే మిగిలితే అది వేరుకుళ్లు. నీళ్లు ఎక్కువైన కుండీల్లో మామూలుగా కనిపించేది ఇదే. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది.

ఇక వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలుంటే నులిపురుగులు, అంటే వేళ్లలో దూరే, కంటికి కనిపించనంత సన్నటి పురుగులు. చిక్కుడు జాతి మొక్కల వేళ్లకు మామూలుగా ఉండే బుడిపెలను చూసి ఇవేననుకుని కంగారు పడకండి. అవి వేరుకు పక్కన అంటుకుని ఉంటాయి, గోటితో గీకితే ఊడిపోతాయి. నులిపురుగుల బుడిపెలు వేరే ఉబ్బినట్టుంటాయి, విడిగా ఊడిరావు.

నీళ్లు నిలిచే కుండీలో మొక్క నిలవదు

వేరుకుళ్లు కలిగించే పిథియం, ఫైటాఫ్తోరా లాంటి సూక్ష్మజీవులు నీళ్లలో ఈదుకుంటూ వేరును చేరతాయి. ఈదడానికి నీళ్లు లేకుండా చేయడమే వాటికి అసలు మందు.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగిపోతాయని చాలామంది నమ్ముతారు. నేనూ రెండేళ్లు అలాగే చేశాను. అది నిజం కాదని ఒక చిన్న పనితో తెలుస్తుంది. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి, పడుకోబెట్టినట్టు అడ్డంగా పట్టుకోండి. కాసేపటికి కారడం ఆగుతుంది. ఇప్పుడు దాన్నే నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, ఎత్తు మారింది. ఏ స్పాంజికైనా, ఏ మట్టికైనా అడుగున కొంత మేర నీళ్లు పట్టి ఉంటాయి. కింద రాళ్లు పెడితే ఆ తడి పొర పోదు, రాళ్ల మీదికి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. కాబట్టి రాళ్లు వద్దు. రంధ్రం మీద మట్టి జారిపోకుండా ఒక పెంకు ముక్కో కొబ్బరి పీచో చాలు.

లోతు తక్కువ కుండీ కంటే లోతున్న కుండీ మేలు. పన్నెండు అంగుళాల కుండీకి కనీసం నాలుగైదు రంధ్రాలు ఉండాలి, ఒక్కోటి చిటికెన వేలు దూరేంత. కుండీని నేరుగా స్లాబు మీద పెట్టకుండా రెండు ఇటుకల మీదో స్టాండు మీదో ఉంచండి. రంధ్రం నేలకు అతుక్కుని మూసుకుపోవడం నేను చూసిన వేరుకుళ్లలో సగానికి కారణం. కింద పళ్లెం పెట్టేవాళ్లు నీళ్లు పోసిన అరగంటకు అందులో చేరిన నీళ్లు పారబోయండి.

తులసికోట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రోజూ పూజకు చెంబుడు నీళ్లు పోస్తాం, చాలా కోటలకు అడుగున రంధ్రమే ఉండదు. వానాకాలంలో, చలికాలంలో తులసి నల్లబడి ఎండిపోవడానికి చాలా ఇళ్లలో ఇదే కారణం. కోట అడుగు పక్కన ఒక రంధ్రం వేయించండి. వానలు పడే రోజుల్లో ఉద్ధరిణెడు నీళ్లు సమర్పించినా పూజకు లోటు ఉండదు, తులసి బతుకుతుంది.

మట్టి కలపడం

నల్లరేగడి ఒక్కదాన్నీ కుండీలో నింపకండి. పొలంలో అది బంగారమే, కానీ కుండీలో తడిస్తే ముద్ద, ఎండితే రాయి. నేను వాడే కొలత ఇది: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు. పన్నెండు అంగుళాల కుండీకి రెండు పిడికెళ్ల వేపపిండి. కోకోపీట్ ఎక్కువ వేస్తే బరువు తగ్గుతుంది గానీ వానాకాలంలో తడి ఆరదు. బాల్కనీలో ఎండ తగలని చోటైతే దాన్ని ఇంకా తగ్గించండి.

కలిపాక ఒక కుండీ నింపి మగ్గుడు నీళ్లు పోసి చూడండి. పైన మడుగు కట్టి నిలిస్తే ఇసుక పెంచాలి.

ఎరువు విషయంలో తొందర వద్దు. పచ్చిపేడ, సగం మగ్గిన ఎరువు మొక్కకు విందు కాదు, మొదలు కుళ్లు శిలీంధ్రానికి విందు. వేరుపురుగు గుడ్లు కూడా దానితోనే వస్తాయి. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా ఉండాలి, వానకు తడిసిన నేల వాసన రావాలి. పేడ వాసన వస్తుంటే ఇంకొన్ని నెలలు ఆగాలి.

పాత మట్టిని ఎండలో ఉడికించడం

మన ఎండలు మనకు శత్రువులని అనుకుంటాం గానీ ఏప్రిల్, మే నెలల్లో వాటికి మించిన పురుగుమందు లేదు. తడి మట్టి మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పి ఎండ వేడితో తెగుళ్లను చంపే ఈ పద్ధతి మీద 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త కటాన్, ఆయన సహచరులు పరిశోధన ప్రచురించారు. ఇప్పుడు మన దగ్గర నారుమళ్లకు వ్యవసాయ శాఖ వాళ్లు సిఫారసు చేసేది కూడా ఇదే.

పంట తీసేశాక మట్టిలోంచి వేళ్లన్నీ ఏరేయండి. వేరు ముక్క లోపల దాక్కున్న జబ్బుకు వేడి తేలిగ్గా తగలదు. మట్టిని తడపండి. పిడికిట్లో పట్టుకుంటే ఉండ కట్టాలి, పిండితే నీళ్లు కారకూడదు. పొడి మట్టిలో వేడి లోపలికి పోదు, పైగా ఎండు దశలో శిలీంధ్రాలు వేడిని ఓర్చుకుంటాయి. ఈ తడిపే పని వదిలేసి, పొడి మట్టిని డాబా మీద పరిచి "ఎండబెట్టాం" అనుకునేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే ఫలితం సగం కూడా రాదు.

తడిపిన మట్టిని పారదర్శకమైన పాలిథిన్ సంచుల్లో నింపి మూతి కట్టేయండి. నల్ల కవర్లు వద్దు, అవి ఎండను పైనే ఆపేస్తాయి. సంచిని పడుకోబెడితే మట్టి మందం అర అడుగు దాటకూడదు. రోజంతా ఎండ పడే చోట పెట్టి, పైన ఇంకో పారదర్శక షీటును కాస్త ఎత్తుగా గుడారంలా కడితే మధ్యలోని గాలి వేడిని పట్టి ఉంచుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు అలాగే ఉంచాలి. వారానికోసారి సంచిని తిరగేయండి. థర్మామీటరు ఉంటే మట్టి మధ్యలో గుచ్చి చూడండి. నడిమట్టి 60 డిగ్రీలు దాటి గంటసేపు ఉంటే చాలా తెగుళ్లు చచ్చిపోతాయి. అంత వేడి రాకపోయినా రోజూ 45 నుంచి 50 డిగ్రీలు వారాల తరబడి తగిలితే బలహీనపడి పోతాయి.

నారు పోసుకోవడానికి రెండు మూడు కిలోల మట్టి చాలు కదా, దానికి మే నెల దాకా ఆగక్కర్లేదు. వంటకు వాడని పాత ఇడ్లీ పాత్రలో నీళ్లు పోసి, పైన గుడ్డలో మట్టి మూటకట్టి పెట్టి, ఆవిరి వచ్చాక అరగంట ఉంచండి. వాసన వస్తుంది, వరండాలో చేసుకోండి.

అయితే ఇలా ఉడికిన మట్టి ఖాళీ ఇల్లు లాంటిది. చెడ్డవాటితో పాటు మంచి సూక్ష్మజీవులు కూడా చాలావరకు పోతాయి. ఎవరు ముందొస్తే వాళ్లే కాపురం పెడతారు. కాబట్టి చల్లారగానే మనమే మంచివాటిని పంపించాలి.

ట్రైకోడెర్మా

ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. ఇతర శిలీంధ్రాల పోగులను చుట్టేసుకుని, వాటిని కరిగించి తింటుంది. వేరు చుట్టూ చోటు తానే ఆక్రమిస్తుంది. ఎరువుల షాపుల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల్లో ట్రైకోడెర్మా విరిడి పొడిగా దొరుకుతుంది. కొనేటప్పుడు తయారీ తేదీ తప్పకుండా చూడండి. ఇది ప్రాణమున్న సరుకు. ఎండ తగిలే గాజు అరలో నెలల తరబడి ఉన్న ప్యాకెట్ తీసుకోకండి. గ్రాముకు కనీసం 20 లక్షల బీజాలు ఉన్నట్టు ప్యాకెట్ మీద రాసి ఉండాలి.

పొడిని నేరుగా కుండీలో చల్లితే పెద్దగా పని చేయదు. దానికి ముందు తిండి పెట్టి పెంచాలి. రైతులకు చెప్పే కొలత 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా. ఇంటికి 9 కిలోల ఎరువు, ఒక కిలో వేపపిండి, 200 గ్రాముల పొడి చాలు. కాస్త బెల్లం నీళ్లు చిలకరించి బాగా కలిపి, నీడలో కుప్ప పోసి, తడి గోనెపట్టా కప్పండి. గోనె ఎండిపోకుండా రోజూ తడపండి. నాలుగో రోజు ఒకసారి తిరగేయండి. వారం పది రోజుల్లో కుప్ప మీద తెల్లగా మొదలై ఆకుపచ్చగా మారే బూజు కనిపిస్తుంది. ఆ పచ్చదనం చూస్తే నాకు పెరుగు తోడుకున్నంత సంతోషం. కుండీకి రెండు పిడికెళ్లు, నాటే ముందు పై నాలుగు అంగుళాల మట్టిలో కలపండి. వానలు మొదలయ్యే ముందు ఇంకోసారి వేయండి.

కాపర్ మందులు, ఇతర శిలీంధ్ర నాశకాలు వేసిన కుండీలో పది పదిహేను రోజుల దాకా ట్రైకోడెర్మా వేయకూడదు. ఇంకో సంగతి, బాక్టీరియా ఎండు తెగులుకు ఇది మందు కాదు. సూడోమోనాస్ అనే మేలు చేసే బాక్టీరియా పొడిని లీటరు నీళ్లకు 10 గ్రాముల చొప్పున కలిపి మొక్క మొదట్లో పోస్తే కొంత కాపలా ఉంటుంది గానీ, తెగులున్న మట్టిని అది శుభ్రం చేయలేదు.

నారు దశ

నిన్న సాయంత్రం నిటారుగా ఉన్న నారు పొద్దున్నే గుత్తులుగా పడిపోయి ఉంటుంది. కాండం మట్టి దగ్గర దారంలా సన్నబడి ఉంటుంది. ఇదే నారుకుళ్లు. ఒత్తుగా విత్తడం, రాత్రి తడి, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే వస్తుంది. ప్రోట్రేలో (నారు పెంచే గుంటల ట్రేలో) గుంటకు ఒక్క గింజే వేయండి. చిన్న ప్యాకెట్ గింజలకు చిటికెడు ట్రైకోడెర్మా పట్టించి నీడలో ఆరబెట్టి విత్తండి. నీళ్లు పొద్దున్నే పోయండి. ఒక మూల పడిపోవడం మొదలైతే ఆ మూల మొక్కల్ని మట్టితో సహా తీసేసి, మిగతావాటికి లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయండి. నేను రసాయన మందు ముట్టుకునేది దాదాపు ఈ ఒక్క సందర్భంలోనే.

కోకోపీట్ ట్రేను కదిపితే చిన్న నల్లటి ఈగలు లేస్తున్నాయంటే పైమట్టి మరీ తడిగా ఉందని అర్థం. వాటి పిల్లపురుగులు లేత వేళ్లను కొరుకుతాయి, తెగులునూ మోస్తాయి. పైపొర ఆరనివ్వండి, పసుపు జిగురు అట్టలు పెట్టండి.

కొత్త మొక్క ఇంటికి వచ్చినప్పుడు

ఒకసారి ఒక నర్సరీ నుంచి ఏపుగా ఉన్న జామ అంటు తెచ్చాను. ఏడాదైనా ఎదగలేదు. తీసి చూస్తే వేళ్లన్నీ రుద్రాక్షల దండలా ఉన్నాయి. నులిపురుగులు నర్సరీ కవరులోనే వచ్చాయి. అప్పటి నుంచి కొనేచోటే కవరును మెల్లగా పక్కకు జరిపి వేళ్లు చూపించమని అడుగుతున్నాను. ఒప్పుకోని చోట కొనను. తెచ్చాక కూడా రెండు మూడు వారాలు మిగతా కుండీలకు దూరంగా, కింద మెట్ల దగ్గర ఉంచుతాను.

బాక్టీరియా తెగులు పదే పదే వచ్చేచోట రకం మార్చడం మంచిది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క రక్షక్ టమాటా ఈ తెగులును తట్టుకుంటుంది. వంగ వేరు మీద టమాటా అంటు కట్టే పద్ధతి కూడా ఉంది. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం దీన్ని వానాకాలపు టమాటా కోసమే ప్రచారం చేసింది. ఉస్తి మొక్క వేరు మీద వంగ, టమాటా అంటు కట్టేవాళ్లు మన దగ్గరా ఉన్నారు.

నీళ్లు, చేతులు, కత్తెర

వేలిని రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. టైమ్ ప్రకారం పోయకండి, వేలు చెప్పినట్టు పోయండి. పైపును మొదట్లో వదలండి, ఆకుల మీద వద్దు. వాన చినుకులకు మట్టి ఎగిరి కింది ఆకుల మీద పడకుండా ఎండుటాకులు పరచండి, కానీ అవి కాండాన్ని ఆనుకోకుండా రెండు అంగుళాలు ఎడం ఉంచండి.

కత్తెరను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేముందు స్పిరిట్‌తో తుడవండి. ఖాళీ అయిన కుండీని ముందు మట్టి పోయేలా రుద్ది కడగాలి, తర్వాత ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి అరగంట నానబెట్టాలి. మట్టి అంటుకుని ఉంటే బ్లీచ్ దాని మీదే ఖర్చయిపోతుంది. యాసిడ్ ఉన్న బాత్రూమ్ క్లీనర్‌తో దాన్ని ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

వచ్చేశాక ఏం చేయాలి

వేరుకుళ్లు మొదట్లోనే కనిపెడితే మొక్కను కాపాడుకోవచ్చు. కుండీలోంచి తీసి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, పైన కొమ్మల్నీ అంతే మేర తగ్గించి, కొత్త మట్టిలో నాటి నీడలో పెట్టండి. గులాబీ, కరివేపాకు ఇలా చాలాసార్లు తిప్పుకుంటాయి. పసుపు చల్లమని, మజ్జిగ పోయమని చెబుతుంటారు. పూర్తిగా వాలిపోయిన మొక్కను అవి లేపడం నేను చూడలేదు. ఆ టైమ్ పక్క కుండీలను కాపాడడానికి వాడండి.

నులిపురుగులైతే మొక్క వేళ్లను కవర్లో వేసి చెత్తలో పారేయండి, మట్టిని ఎండలో ఉడికించండి, తర్వాత ఆ కుండీలో ఒక సీజన్ అంతా బంతి వేయండి. బంతి వేళ్లలోని పదార్థాలు నులిపురుగులను తగ్గిస్తాయి. బెండ, టమాటా, వంగ అప్పుడే వద్దు.

గ్లాసులో తెల్లదారం కనిపించిందా, ఆ మట్టిని కంపోస్టులో వేయకండి, పక్క ఖాళీ స్థలంలోనో కాలువలోనో పోయకండి. అక్కడి నుంచి అది ఎవరి పొలానికి చేరుతుందో తెలియదు. పారదర్శక సంచిలో కట్టి వేసవి అంతా ఎండలో ఉంచాక కూడా దాన్ని టమాటా కుటుంబానికి వాడకండి. టమాటా, వంగ, మిర్చి, బంగాళదుంప, ఈ నాలుగూ ఒకే కుటుంబం. ఒకదాని జబ్బు ఇంకోదానికి వస్తుంది.

ఇదంతా గుర్తుండాలంటే కుండీలకు పెయింటుతో నంబర్లు వేసి, ఏ కుండీలో ఏం వేశామో, ఏం జరిగిందో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. మా మేడ మీద మొదట పోయిన వరుసలో నాలుగో నంబరు కుండీ మీద ఎర్ర గీత ఉంది. అందులో మట్టి మార్చాను, కుండీ కడిగాను, అయినా మూడేళ్లుగా ఉల్లి, వెల్లుల్లి, ఒక వానాకాలం మొక్కజొన్న తప్ప ఇంకేమీ వేయలేదు.